స్టీరింగ్‌కు ఎర్ర ట్యాగు

కారు ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తోందని వానలకు ముందు నుంచీ మొత్తుకుంటున్నాను. ఒక్కరూ తల తిప్పలేదు. మా ఆవిడైతే టీవీ సౌండ్ పెంచింది.

ఇక్కడి జుగ్సలాయి బస్తీలో ఒక హిందీ మెకానిక్‌కు చూపించాను. చక్రాన్ని పట్టుకుని ఊపి, "టై రాడ్ ఎండ్ గయా" అన్నాడు. స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పును చక్రానికి అందించే కడ్డీ చివర ఉండే కీలు అరిగిపోయిందట. ఆ సంగతి అతనికి ముందే నేను చెప్పాను. అదే గుర్తు చేస్తే, "అంకుల్, సబ్ మాలూమ్ హై తో ఖుద్ కర్ లో" అన్నాడు. అన్నీ తెలిస్తే నువ్వే చేసుకోమని! షెడ్డులో అందరూ నవ్వారు. టీ తాగుతూ నవ్వినవాడు ఎక్కడ కనబడ్డా గుర్తుపడతాను.

సరే, చేసుకున్నాను. కొత్త పార్టు కొని, ఆదివారం ప్రార్థన నుంచి రాగానే క్వార్టర్ ముందు కారును జాకీ మీదికి ఎత్తాను. చక్రం ఊడదీసి, నట్టు విప్పి, సుత్తితో కొడితే కీలు వదిలింది. ఇక పాతదాన్ని కడ్డీ నుంచి తిప్పి తీయాలి. అది ఎన్ని చుట్లకు ఊడితే కొత్తది అన్ని చుట్లే బిగించాలి. లెక్క తప్పితే చక్రం వంకరగా నిలుస్తుంది.

లెక్కపెట్టుకుంటూ తిప్పుతుంటే మా ఆవిడ టీ తెచ్చింది.

"ఇంతకీ ఆడు ఏటన్నాడండీ, మీకంత కోపవొచ్చింది?"

చెప్పాను. మొదటి నుంచి, అతని గొంతుతో సహా, ఎవరి తర్వాత ఎవరు నవ్వారో ఆ వరసతో సహా. ముగించేసరికి పాత పార్టు చేతిలోకి వచ్చేసింది. లెక్క పోయింది. మా పెళ్ళి భోజనాల్లో నాకు పెరుగు వడ్డించకుండా దాటిపోయినవాడు ఎవరో ఇప్పటికీ చెప్పగలను. చుట్లు మాత్రం చెప్పలేను.

అందాజుగా బిగించి, ఆవిణ్ణి ఎక్కించుకుని బయల్దేరాను. చప్పుడు పోయింది. కాకపోతే కారు తిన్నగా వెళ్ళాలంటే స్టీరింగ్ కుడికి తిప్పి పట్టుకోవాలి.

"ఏటండీ, కాలవ వేపు పోతాంది?"

"రోడ్డు వాలు."

"ఆ రిక్షా తిన్నగానే పోతాంది గదా! ఆపండి, నాను దిగిపోతాను."

నడిచే ఇంటికి వెళ్ళింది. ఆవిడ కర్మాగారంలో క్రేన్ నడుపుతుంది. అక్కడ మరమ్మతులో ఉన్న యంత్రానికి 'నడపరాదు' అని ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవారే విప్పాలి, పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. సాయంత్రానికి అలాంటిదొకటి నా స్టీరింగ్‌కు వేలాడింది.

"ఎప్పుడు తీస్తావు?" అన్నాను.

"ఆ మెకానిక్‌నే పిలిపించి సరిచేయించండి. అప్పుడు తీత్తాను."

"నన్ను అంత మాటన్నవాణ్ణా?"

"ఆడు చేసుకోమన్నాడు, మీరు చేసుకున్నారు. ఇంకేటి గొడవ?"

అప్పటి నుంచి డ్యూటీకి తోటి ఉద్యోగిని ఒకామె స్కూటరు మీద వెళుతోంది. అంతకుముందు రోజూ గేటు దాకా నేనే దింపేవాణ్ణి. ఆ దారంతా ఆఫీసులో నాకు జరిగిన అన్యాయాలన్నీ చెప్పేవాణ్ణి. ఆవిడ కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అనేది. ఈ ఊళ్ళో నా మాటకు ఊఁ కొట్టేది ఆవిడ ఒక్కతే. ఇప్పుడు ఆగి ఉన్న కారులో కూర్చుని అద్దానికి చెప్పుకుంటున్నాను. అద్దం ఊఁ కొట్టదు.

మెకానిక్ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేస్తున్నాను. పిలుస్తాను, నవ్వించుకుంటాను కూడా. కానీ ముందు ఒకటి తేలాలి. ఏమోయ్, నిన్నే అడుగుతున్నాను. కారు బాగైతే మళ్ళీ నా పక్కన కూర్చుంటావా, లేక ఆ స్కూటరే హాయిగా ఉందా? వంటింట్లో గిన్నెలు సర్దడం ఆపి, ఇటు తిరిగి జవాబు చెప్పు.