కడ్డీ కట్టింది ఎవరు?

లాండ్రీలో ఆమెను అందరూ కంచు అని పిలిచేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, గొంతు తెచ్చిపెట్టిన పేరు. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికే ఆ షెడ్డులో ఉతికే మిషన్ల హోరు ఒకవైపు, ఆవిరి గొట్టాల బుస ఒకవైపు. పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాట గాలికే పోయేది. ఆడవాళ్లు పెదాలు చూసి మాట పోల్చుకునేవారు, చేతులతో జవాబు చెప్పుకునేవారు. కంచు మాత్రం ఈ గోడ దగ్గర నిలబడి ఆ గోడ దగ్గర మనిషితో ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేది. సంఘం పెట్టుకున్నప్పుడు ఆమెను కార్యదర్శిని చేసింది కూడా అందుకే. "చదువు సంగతి తర్వాత చూద్దాం. ముందు మన మాట వాళ్లకి వినపడాలి కదా" అన్నాడు సంఘం ప్రెసిడెంటు. ఆయన బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన.

ఆ ఉద్యోగం ఆమెకు ఇప్పించింది మరిది. భర్త పోయిన కొత్తలో ఆమె కాళ్లు కూడదీసుకోలేక గోడకు చేరగిలబడి ఉంటే, అదే లాండ్రీలో మెకానిక్కుగా ఉన్న మరిది వెళ్లి మేనేజరును బతిమాలాడు. "మా వదిన పని దొంగ కాదు సార్, నాది పూచీ" అని చెప్పి తీసుకొచ్చి నిలబెట్టాడు. ఇల్లూ ఒకటే. ఒక గదిలో ఆమె, కూతురు, అత్తగారు. ఇంకో గదిలో మరిది, తోడికోడలు. మధ్యలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు పక్కకు తిరిగి వెళ్లాల్సిన వంటిల్లు. అందరికీ ఒకటే పొయ్యి.

ఆమె పని పెద్ద ఇస్త్రీ మిషన్ మీద. మంచం వెడల్పున్న ఇనప సిలిండర్లు ఆవిరితో సలసల కాగుతూ తిరుగుతుంటాయి. తడి దుప్పటి అంచులు ఇద్దరు చెరోవైపు పట్టుకుని వాటి సందులోకి అందించాలి. అవతలి వైపు అది పొడిగా, నున్నగా బయటికి వస్తుంది. సిలిండర్లకు ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున లోపలికి పోబోతే ముందు ఆ కడ్డీకి తగులుతుంది. తగిలితే మిషన్ ఠక్కున ఆగిపోతుంది. ఆడవాళ్లు దాన్ని కాపలా కడ్డీ అనేవారు.

అయితే దుప్పటి మడతపడి తగిలినా ఆ కడ్డీ మిషన్‌ను ఆపేసేది. ఆసుపత్రుల గిరాకీ పెరిగిన ఆ వేసవిలో మేనేజరుకు మిషన్ ఇలా మాటిమాటికీ ఆగిపోవడం ముల్లులా గుచ్చుకుంది. ఒక రోజు పొద్దున కంచు పనిలోకి వచ్చేసరికి మరిది మిషన్ కింద వంగి ఉన్నాడు. చేతిలో పటకారు. కడ్డీ కదలకుండా ఇనప తీగతో బిగించి కడుతున్నాడు.

"ఏంటయ్యా ఆ పని?" అంది.

"పైనుంచి చెప్పారు వదినా."

"పైనున్నవాళ్ల చేతులా ఇందులో పెట్టేది?"

అతను తల ఎత్తలేదు. "నాలుగు రోజులేగా. రద్దీ తగ్గాక విప్పేస్తా. నువ్వు గొడవ చెయ్యకు."

ఆమె ఆ పూటే ప్రెసిడెంటును వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. మేనేజరు చాలా మర్యాదగా విన్నాడు. చూద్దాం అన్నాడు. ఆ తర్వాత వారాల తరబడి చూస్తూనే ఉన్నాడు.

ఆ తీగ ఉండగానే పిచ్చుక కొత్తగా పనిలో చేరింది. బక్కపల్చటి పిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నోరు మూత పడదు, చేతులు ఊరుకోవు; పిచ్చుక అన్న పేరు అందుకే వచ్చింది. ఆ హోరులో ఎవరికీ వినపడదని తెలిసినా పాడుకుంటూనే ఉండేది. కంచుకు ఎదురు కొసన ఆ పిల్లే నిలబడి దుప్పటి అందించేది.

ఆ మధ్యాహ్నం దుప్పటి అంచు చిరిగి ఉంది. ఆ చిరుగులో పిచ్చుక వేళ్లు చిక్కుకున్నాయి. కంచు తన వైపు అంచును వెనక్కి లాగింది. దుప్పటి ఆగలేదు. ఆ పిల్ల నోరు తెరుచుకుంది. ఆ అరుపు మిషన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. కంచుకు మాత్రం కనపడింది.

"ఆపండర్రా! ఆపండి!"

షెడ్డంతా ఆ గొంతుకు ఉలిక్కిపడింది. ఎవరో పరిగెత్తి కరెంటు తీసేశారు. మరిది పటకారుతో వచ్చి మిషన్ కిందికి దూరాడు. అతని వెనకాలే మేనేజరు. పై సిలిండరు ఎత్తడానికే మరిది అవస్థ పడుతున్నాడని కంచు అనుకుంది. పిచ్చుకను వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని, "అయిపోయింది తల్లీ, వచ్చేస్తుంది, వచ్చేస్తుంది" అంటూనే ఉంది. ఆమెకు ఆ కాస్సేపూ ఒక యుగంలా గడిచింది.

పిచ్చుక ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు.

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు వచ్చేసరికి కడ్డీకి తీగ లేదు. మిషన్ బాగానే ఉంది, కార్మికురాలి పరధ్యానం వల్లే ప్రమాదం జరిగింది అని గేటు పక్కన నోటీసు అంటించారు. అది చదివిన ఆడవాళ్లు ఒక్కరూ లోపలికి పోలేదు. అక్కడే మట్టిలో కూర్చున్నారు. సమ్మె అని ఎవరూ ప్రకటించలేదు, అదే సమ్మె అయింది.

లేబరు ఆఫీసులో విచారణ పెట్టారు. తీగ ఉండేదని చెప్పడానికి చాలామందే ముందుకొచ్చారు. కానీ ప్రెసిడెంటు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"తీగ ఎవరు కట్టారని అడుగుతారు. చూసినవాళ్లు లేకపోతే మనమే కట్టుకున్నామంటారు. పని తొందరగా తెమలాలని ఆడవాళ్లే కట్టుకున్నారని వాళ్ల లాయరు రాసిచ్చాడు కూడా" అని, గొంతు తగ్గించాడు. "చూసింది నువ్వొక్కదానివే. నిన్ను చెప్పమని నేను అడగలేనమ్మా. నీ ఇంటి సంగతి నాకు తెలుసు."

మేనేజరుకూ తెలుసు. మర్నాడు గేటు దగ్గర ఆమెను పక్కకు పిలిచాడు. "మీ మరిదిని పర్మనెంటు చేద్దామనుకుంటున్నాం. మంచి పనిమంతుడు. వాడి పేరు పాడైతే నాకే బాధ" అన్నాడు. బెదిరింపు ఎక్కడా లేదు. చిరునవ్వుతో కుశలమడిగినట్టే ఉంది.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మరిది తిండి సరిగ్గా తినడం లేదు. గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాడు. తోడికోడలు మాత్రం ఆగలేకపోయింది. కూర తరుగుతూ, తలెత్తకుండా అంది, "అక్కా, మీకు దిక్కు లేనప్పుడు ఈయనే కదా నిలబడ్డాడు."

"మర్చిపోలేదు."

"మరి?"

కంచు లేచి ఆసుపత్రికి బయల్దేరింది. అక్కడ పిచ్చుక ఆమెను ఒకటే అడిగింది, "అక్కా, నేను పరధ్యానంగా ఉన్నానా? నువ్వు ఎదురుగానే ఉన్నావుగా, చెప్పు. అందరూ అదే అంటున్నారు. మా ఆయన కూడా." చెయ్యి పోయిన బాధ కంటే ఆ పిల్లను ఆ మాటే ఎక్కువ తినేస్తోంది.

విచారణకు ముందు రోజు సాయంత్రం మరిది వాకిట్లో కూర్చుని ఉంటే కంచు వెళ్లి ఎదురుగా నిలబడింది. చాటున చెప్పడం ఆమెకు చేతకాదు.

"రేపు నీ పేరు చెప్తాను."

అతను ఆమె వైపు చూడలేదు.

"కట్టింది నువ్వని చెప్తాను, కట్టమన్నది మేనేజరని చెప్తాను. కానీ ఆయన చెప్పడం నేను వినలేదు. అది నువ్వే చెప్పాలి. నాకంటే ముందే లేచి నువ్వు చెప్పేస్తే నీకే మంచిది."

"నన్ను జైలుకు పంపుతావా వదినా?"

"ఆ పిల్లని అడిగి చూడు. జైలు నయమంటుంది."

"నీకేం తెలుసు!" అని గయ్‌మన్నాడు. తర్వాత ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "నీకు సగమే తెలుసు. వెళ్లు వదినా, వెళ్లు."

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలియలేదు. లోపల అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలు లోపలికి వస్తే, "మీ ఇద్దర్లో ఎవరికి అన్నం పెట్టొద్దంటావో అదీ చెప్పు" అని మాత్రం అంది.

లేబరు ఆఫీసు గది ఇరుకు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. ఒకవైపు సంఘం వాళ్లు, ఒకవైపు కంపెనీ వాళ్లు. మరిది కంపెనీ వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో బల్ల వెనక ఆఫీసరు, కళ్లద్దాల మీదుగా చూసే మధ్యవయసు ఆవిడ. కంచు వంతు వచ్చింది.

"కడ్డీ కట్టింది ఎవరో చూశారా?"

"చూశాను మేడమ్."

"ఎవరు?"

కంచు మరిది వైపు చూసింది. లేస్తాడేమో అని చూసింది. అతను నేలను చూస్తున్నాడు. షెడ్డు దద్దరిల్లే ఆ గొంతు ఆ గదిలో ఎక్కడికో పోయింది.

"గట్టిగా చెప్పండి" అంది ఆఫీసరు.

"మా మరిది."

వరుసల్లో గుసగుసలు లేచాయి. కంపెనీ లాయరు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు లేచాడు. "మేడమ్, ఇది మా దృష్టికి ఇప్పుడే వస్తోంది. మెకానిక్కు సొంత తెలివితో చేసిన పని ఇది. యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదు. అతన్ని ఈ క్షణం నుంచే పనిలోంచి తీసేస్తున్నాం. పోలీసు కేసుకు మేం సహకరిస్తాం." పక్కన మేనేజరు బాధగా తల ఊపాడు.

కంచు కుర్చీ వెనకభాగం పట్టుకుంది. తాను చేసింది ఇదేనా? వాళ్లు చేతులు దులుపుకోవడానికి మనిషిని అందించిందా?

అప్పుడు మరిది లేచాడు. ఎవరూ అతన్ని పిలవలేదు.

"కట్టింది నేనే మేడమ్" అన్నాడు. "కట్టమంది ఈయన. నేను వద్దన్నాను, ఒకసారి కాదు. ఇష్టం లేకపోతే వేరే మెకానిక్కు దొరుకుతాడన్నాడు. కట్టాను."

"కూర్చోండి" అన్నాడు లాయరు.

"సగమే చెప్పాను సార్. ఆ పిల్ల చెయ్యి లోపలున్నప్పుడు నేను మిషన్ కింద దూరింది సిలిండరు ఎత్తడానికి కాదు. ముందు తీగ తియ్యి, తర్వాత చెయ్యి సంగతి అన్నాడు ఈయన, నా చెవిలో. తీశాను. తీగ తీసి జేబులో పెట్టుకున్నాక సిలిండరు ఎత్తాను." అతని చెయ్యి జేబు మీదికి పోయింది. "అంతసేపూ ఆ పిల్ల చెయ్యి అందులోనే ఉంది మేడమ్. అంతసేపూ కాలుతూనే ఉంది."

కంచు ఆ కాస్సేపంతా పిచ్చుకను పట్టుకుని నిలబడింది తనే అని గుర్తు తెచ్చుకుంది. గుర్తు తెచ్చుకుని మరిది మీద అసహ్యం, జాలి రెండూ ఒకేసారి కమ్ముకొచ్చి, బయటికి నడిచి వరండాలో వాంతి చేసుకుంది.

సంఘం గెలిచింది. అన్ని మిషన్ల కడ్డీలూ సరిచేయించాలనీ, పిచ్చుకకు పరిహారంతో పాటు పనీ ఇవ్వాలనీ ఆఫీసరు ఉత్తర్వు ఇచ్చింది. మేనేజరును కంపెనీ ఇంకో ఊరి లాండ్రీకి బదిలీ చేసి ఊరుకుంది. మరిది ఉద్యోగం పోయింది, పైగా కేసు. కట్టినవాడు దోషి అని చట్టంలో ఉంది, కట్టమన్నవాడి ఊసే లేదు. ఆడవాళ్లు గేటు దగ్గర కంచును భుజాల మీదికి ఎత్తుకోబోతే ఆమె విదిలించుకుని ఇంటికి పోయింది. అప్పటికే మరిది గది ఖాళీగా ఉంది. తోడికోడలు తన గిన్నెలు మాత్రమే ఏరుకుని తీసుకుపోయింది.

ఆ తర్వాత కంచు పట్టుకున్న పని ఒక్కటే. చట్టంలో ఆ మాట మార్పించాలి. ప్రెసిడెంటుతో కలిసి శాసనసభ సభ్యుల ఇళ్ల గుమ్మాలు ఎక్కి దిగింది. కొందరు ముఖం చాటేశారు, కొందరు టీ ఇచ్చి పంపారు. ఒకాయన, "అమ్మా, మీ డిమాండు ఏమిటి, ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు. "కాపలా కడ్డీ కట్టిన చేతినే కాదు, కట్టమన్న నోటినీ పట్టుకోండి" అంది. ఆయన ఆ మాటను సభలో అడిగాడు, నవ్వులపాలయ్యాడు, మళ్లీ అడిగాడు. ఊరూరి లాండ్రీల ఆడవాళ్లు వచ్చి సభ బయట కూర్చున్నారు. కొన్నేళ్లు పట్టింది. చివరికి చట్టం మారింది. అడిగినంతా రాలేదు. శిక్ష తక్కువ, మినహాయింపులు ఎక్కువ. అయినా ఆదేశించినవాడూ బాధ్యుడే అన్న వాక్యం అందులో ఉంది.

చట్టం వచ్చిన వారంలో ఆమె మరిది కొట్టుకు వెళ్లింది. అతను నీళ్ల మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. కేసులో జరిమానాతో బయటపడ్డాడు గానీ ఏ ఫ్యాక్టరీ పనిలో పెట్టుకోలేదు. తల్లి దగ్గరికి వచ్చిపోతున్నా, వదిన ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు.

ఆమె గుమ్మంలో నిలబడి సంగతి చెప్పింది. అతను విప్పిన మోటారు మీద నుంచి చూపు తిప్పకుండా విన్నాడు.

"ఇప్పుడు నాకేం ఒరిగింది వదినా?"

"నీకేం ఒరగలేదు" అంది. వెళ్లిపోదామని వెనక్కి తిరిగింది.

"పిచ్చుక ఎలా ఉంది?"

"స్టోరులో ఉంది. ఎడమ చేత్తో అన్నీ చేసుకుంటోంది. కొడుకు పుట్టాడు."

"నా గురించి ఏమైనా అంటుందా?"

కంచు అబద్ధం చెబుదామనుకుంది. ఆమెకు అది చేతకాలేదు.

"నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది."

అతను తల ఊపాడు. తనకు ఆ మాటే రావాలని ముందే అనుకున్నట్టు ఊపాడు. మసి చేతులు గుడ్డకు తుడుచుకుని, మూల ఉన్న స్టూలు లాగి ఆమె ముందు వేశాడు.

"ఎండన పడి వచ్చావు. కూర్చో" అన్నాడు.

ఆమె కూర్చుంది.