గంటలో కుక్కిన గుడ్డ

సబ్‌స్టేషన్‌లో ఎర్త్ గంట మోగకుండా అందులో గుడ్డ కుక్కింది నేను. నాలుగో రోజున ఒక మనిషి చేయి కాలింది. తప్పు ఆమెదేనని కాగితం రాస్తుంటే పక్కన నిలబడి నోరు మూసుకున్నదీ నేనే.

అరకు దగ్గర కొండ మీది సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్‌ని. బడి మొహం చూసింది తక్కువ. పాత కాగితాల కొట్లో తూకానికి దొరికిన మాన్యువళ్లను, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివి పని నేర్చుకున్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లు ఊళ్లకు పోయే కరెంటువి. మూడో చుట్టు మా స్టేషన్ సొంత అవసరాలకు: దీపాలు, పంపు, బ్యాటరీల ఛార్జింగు, మా క్వార్టర్లు. మా దగ్గర ఆ మూడో చుట్టును భూమికి కలపలేదు. అందుకని దాని మూడు తీగల్లో ఒకటి నేలకు తగిలినా ఏదీ ఆగిపోదు. ప్యానెల్ మీద తీగకొకటి చొప్పున ఉన్న మూడు దీపాల్లో ఒకటి మసకబారుతుంది, గంట మోగుతుంది, అంతే. ఆ 'అంతే' అనుకోవడంలోనే ఉంది ముప్పు. ఒక తీగ నేలకు తగిలిందంటే మిగతా రెండింటి మీదా ఒత్తిడి పెరుగుతుంది. కేబుల్ ఎక్కడ నీరసంగా ఉంటే అక్కడ పేలుతుంది. గంట మోగగానే ఆ సరఫరా ఆపి, తగిలిన చోటు వెతకాలి.

ఆపితే ఊరి లైను మీద బతకాలి. వానాకాలంలో అది ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకే వానలు తగ్గేదాకా గంట నోరు నొక్కడం మా స్టేషన్‌లో ఆచారమైపోయింది.

ఆ ఏడాది వానల్లోనూ గంట మోగింది. నాతో డ్యూటీలో ఉన్న లైన్‌మన్ చెవులు మూసుకున్నాడు.

"ఏటి గురువా ఈ గోల? మా అత్త నయం, తిండికాడైనా నోరు మూస్తాది."

"కేబులెక్కడో తడిసుంటాది. ఆపి సూద్దుమా?" అన్నాను.

"ఆపు, ఆపు! నీ హీటరూ ఆగిపోద్ది. సలికి బిగుసుకుపోతావు, బేగి పాడె కట్టీవచ్చు."

ఇద్దరం నవ్వుకున్నాం. నా గది హీటర్ కోసం గుడ్డ కుక్కాను. మూడు రోజులు ఆ మసక దీపాన్ని చూస్తూనే లాగ్‌బుక్‌లో 'అంతా నార్మల్' అని రాశాను.

నాలుగో రోజు పొద్దున, యార్డులో గడ్డి కోసే ఆమె, డుంబ్రిగుడ వైపు కొండ ఊరి మనిషి, కేబుల్ కాలువ పక్కన వంగి ఉండగా అందులోని కేబుల్ అతుకు పేలింది. కుడిచేయి మోచేతి దాకా కాలింది. ఆ వేళ్లు మళ్లీ తెరుచుకోలేదు. విచారణకు వచ్చిన పెద్దమనిషి వానకు జీపు దిగలేదు. కొడవలి తెప్పించుకుని చూశాడు, ఆమే దాన్ని కేబుల్‌కు తగిలించిందని మూడు వాక్యాలు రాసుకుని పోయాడు. ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ జీపును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ నిజం తెలిసినవాణ్ణి ఆ జీపు కిటికీకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. అప్పటికే గుడ్డ తీసేసి జేబులో పెట్టుకున్నాను.

రిటైరై ఏళ్లు గడిచాక, మొన్న కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో, ఆమె ఊరికి నడిచి వెళ్లాను. వాకిట్లో ఎడమచేత్తో రాజ్మా కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని గంట, దీపం, లాగ్‌బుక్, అన్నీ చెప్పాను.

"నీ కొడవలి కేబుల్ని తాకనేదు సెల్లే. తప్పు నాది."

ఆమె ఒలవడం ఆపలేదు. నేను లేచి నిలబడ్డాక తలెత్తింది.

"నా కొడవలి తగల్నేదని నాకెరుకే కద బాబూ. ఎరికైందే సెప్పడానికి ఇంత కొండెక్కినావా? మా ఊరోలందరూ నానే కేబుల్ నరికీసినానంతారు. నా కన్నకూతురూ అదే అంతాది. రేపు సంత. ఆడికొచ్చి, ఆలకి సెప్పు."