ఎర్రజెండా ఎవరికి చూపించాను

రాజమండ్రి ఇళ్లు అయిపోయి కడియం నర్సరీలు ఇంకా మొదలవని చోట ఉంది మా రైల్వే గేటు. ట్రాక్ పని చేసే మా ఆయన పోయాక, ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగమిది. వచ్చిన కొత్తల్లో గేటు వెయ్యాలంటే ఇనప చక్రం తిప్పాలి. దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో! రాత్రికి భుజాలు పీకేసేవి. ఇప్పుడు బటన్ నొక్కితే గేటు దానంతటదే దిగుతుంది. నా భుజాలు బాగుపడ్డాయి, కాదనను. కానీ చక్రం ఉన్న రోజుల్లో మొక్కల ఆటో వాళ్లు ఎవరో ఒకరు దిగి, "తప్పుకోండక్కా, నేను తిప్పుతా" అనేవారు. రూలు ఒప్పుకోదు కాబట్టి తిప్పనిచ్చేదాన్ని కాదు. అయినా ఆ మాటొకటి వినపడేది. బటన్ నొక్కిపెడతానక్కా అని ఎవడంటాడు? సెల్‌ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు, గేటు లేవగానే పోతారు.

అప్పట్లో ప్రతి రైలుకీ స్టేషన్ మాస్టర్ గారు ఫోన్ చేసేవారు. గేటు వేశానండి అంటే సరిపోదు. నా దగ్గరున్న కాగితంలో వరసగా ఉన్న నంబర్లలో తర్వాతిది చెప్పి, దాన్ని కొట్టెయ్యాలి. అది విన్నాకే ఆయన సిగ్నల్ ఇచ్చేవారు. పనిలో పనిగా, "ఎండ ఎలా ఉందమ్మా అక్కడ?" అనేవారు. "మాడిపోతున్నామండీ" అనేదాన్ని. ఇప్పుడు గేటు పడిన సంగతి వైర్లే చెప్పేసుకుంటాయి. ఫోను గోడకి ఉంది. అవసరం పడితే తప్ప మోగదు.

ఇక మిగిలింది జెండా. రైలు వెళ్తుంటే నేను గది ముందు నిలబడి ఆకుపచ్చ జెండా పట్టుకోవాలి. చివరి పెట్టెలోంచి గార్డు గారు తన జెండా ఊపాలి. రైల్లో ఏదైనా తేడా కనిపిస్తే నేను ఎర్రజెండా ఊపాలి. ఇంజిన్ ఎలాగూ దాటిపోయి ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి రైలు ఆపించేది వెనకున్న గార్డే.

గూడ్సు గార్డుల్లో తెల్లజుట్టు ఆయన ఒకరుండేవారు. ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. జెండా ఊపి, ఐదు వేళ్లూ దగ్గర చేసి నోటి దగ్గర పెట్టి, తలెగరేసేవారు. అన్నం తిన్నావా అని. నేనూ అలాగే చేత్తో, తిన్నానని చెప్పేదాన్ని. తినకపోయినా తిన్నాననే చెప్పేదాన్ని. మా ఆయన పోయాక నన్ను ఆ మాట రోజూ అడిగింది ఆయనొక్కరే.

తర్వాత గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజర్ అనాలన్నారు. పేరు పెద్దది చేసి, కొన్ని గూడ్సుల్లో మనిషినే తీసేశారు! మనిషి బదులు చివరి వ్యాగన్‌కి ఒక డబ్బా తగిలించారు. దానికో ఎర్రదీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆయన రిటైరయ్యారో, వేరే లైనుకి వెళ్లారో తెలియదు. ఎవరినని అడగను? పేరైనా తెలియదాయె.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం బొగ్గు గూడ్సు వెళ్తోంది. నడిమధ్య ఒక వ్యాగన్ చక్రం దగ్గర పొగ, కాలిన వాసన. ఇరుసు కాలిపోతోంది. అది విరిగితే రైలు పట్టాలు తప్పుతుంది. ఆ దారిలో ముందున్నది ఊరు, ఊరు దాటితే గోదావరి బ్రిడ్జి. ఎర్రజెండా తీసి ఊపుతూ, "అయ్యా, చక్రం చూడండి! ఆపండి!" అని గొంతు చించుకుని అరిచాను. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. చివరిది వచ్చింది. డబ్బా, ఎర్రదీపం. అది నన్ను దాటిపోయాక గానీ నా బుర్రకెక్కలేదు.

ఓరి నాయనో అనుకుంటూ ఫోను దగ్గరికి పరుగెత్తాను. "గూడ్సులో ఇరుసు కాలిపోతోందండీ! బ్రిడ్జి ఎక్కనివ్వకండి బాబూ!"

కాసేపటికి స్టేషన్ మాస్టర్ గారు తిరిగి చేశారు. "స్టేషన్లో ఆపేశామమ్మా. ఏం కాలేదు, కంగారు పడకు."

అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. 

రెండు రోజుల తర్వాత పై నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చారు. కుర్రాడే, మర్యాదస్తుడు. కాగితం తీశారు.

"పొగ చూశాక ముందు ఏం చేశారమ్మా?"

"ఎర్రజెండా చూపించానండి."

"ఎవరికి?"

"గార్డు గారికండి."

"ఆ బొగ్గు గూడ్సుల్లో గార్డు ఉండరు కదమ్మా. మీకు తెలుసు కదా?"

"తెలుసండి. ఏడాది నుంచీ తెలుసు."

ఆయన పెన్ను ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది, అబద్ధం మాత్రం చెప్పలేను. "చెయ్యి ముందు లేచిందండి, బుర్ర తర్వాత పనిచేసింది. అదే జరిగింది, అదే రాసుకోండి" అన్నాను.

అలవాటు ప్రకారం అని రాశారు. ఇకమీదట ముందు ఫోను చెయ్యాలని కూడా రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఉద్యోగం నిలిచింది.

ఆయన జీపెక్కుతుండగానే, రైలొస్తోందని గదిలో బజర్ మోగింది. గేటు వేసి, జెండా పట్టుకుని నిలబడ్డాను. గూడ్సు. ఒక్కో వ్యాగన్ చక్రాలూ కళ్లు చిట్లించుకుని చూశాను. ఎక్కడా పొగ లేదు. చివర్న డబ్బా వెళ్లిపోయింది, దీపం వెలిగి ఆరుతూ.

ఐదు వేళ్లూ దగ్గర చేసి నోటి దగ్గర పెట్టుకున్నాను. తిన్నాను, అన్నాను.