మావయ్యగారి మీద వల

అత్తారింట్లో అల్లుడి మర్యాద ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలియదు గానీ, ఎంత వేగంగా పోతుందో మాత్రం తెలుసు. విసురు వల ఒకటి గాలిలోకి లేచి కింద పడేంత సేపట్లో పోతుంది. విసిరినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను, నమ్మండి.

తాడేపల్లిగూడెంలో మా మావయ్యగారికి ఒక పాత అంబాసిడర్ ఉంది. వాళ్ళ నాన్నగారు కొన్నది. ఇంటి పక్కనే మూతబడిన వాళ్ళ రైస్ మిల్లు షెడ్డులో, తవుడు బస్తాల మధ్య ఏళ్ళ తరబడి దుప్పటి కప్పుకుని పడుకుంది. పెళ్ళినాడు అత్తయ్యగారు చర్చి నుంచి ఆ కారులోనే కాపురానికి వచ్చారట. యాభయ్యో పెళ్ళిరోజు దగ్గర పడుతుంటే, "ఒక్కసారి మళ్ళీ దాంట్లో చర్చికెళ్తే ఎంత బాగుండునో" అని ఆవిడ మా ఆవిడ కరుణతో అంటుంటే విన్నాను. వినకుండా ఉండాల్సింది.

"ఆ కారు నేను నడిపిస్తా. ఇద్దరికీ చెప్పకు. పెళ్ళిరోజు ఆదివారం పొద్దున్నే గుమ్మం ముందు నిలబెడతా" అన్నాను ఛాతీ విరుచుకుని. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను చేసిన ఘనకార్యం గారెలు తినడం ఒక్కటే మరి.

ప్రతి శనివారం ఏలూరులో రైలెక్కి వచ్చేవాణ్ణి. పెద్దవాళ్ళిద్దరూ ప్రార్థన కూటానికి వెళ్ళగానే మెకానిక్ సత్తిబాబుని పిలిచేవాణ్ణి. మొదటిరోజే అతను బానెట్ ఎత్తి పెదవి విరిచాడు.

"రోటర్ లేదండి."

"అంటే?"

"బొటనవేలంత ముక్కండి. అది లేకపోతే మీరు తలకిందులుగా తపస్సు చేసినా ఇంజిన్ అంటుకోదండి. ఎవడో ఎత్తుకుపోయాడండి."

కొత్తది తెచ్చి పెట్టాం. ఇంజిన్ దగ్గింది, తుమ్మింది, అంటుకుంది. సంతోషం పట్టలేక సత్తిబాబుని కౌగిలించుకుని చొక్కా పాడు చేసుకున్నాను. మళ్ళీ శనివారం వచ్చి చూద్దును కదా, రోటర్ మాయం!

"నాన్నకి చెప్పకండి, అసలే బీపీ మనిషి" అంది కరుణ. సరే, దొంగ సంగతి దాచిపెట్టి షెడ్డుకి పెద్ద తాళం వేశాను. ఆపై వారం తాళం తాళంలాగే ఉంది, రోటర్ లేదు. కారు తలుపులకి కొత్త తాళాలు వేయించాను. అయినా పోయింది. బానెట్‌కి గొలుసు చుట్టి ఇంకో తాళం బిగించాను. అదీ పోయింది.

"పగలగొట్టలేదు, కొయ్యలేదు. మామూలు దొంగ కాదండి, బాగా చదువుకున్నోడండి" అన్నాడు సత్తిబాబు భక్తిగా.

ఆ తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయని మీరు అడగబోతున్నారు. మంచి ప్రశ్నే. అప్పుడు నా బుర్రకి తట్టలేదు. లోకంలో అంతకంటే భద్రమైన చోటు లేదని, ప్రతి తాళానికీ ఒక చెవి నేనుంచుకుని, రెండోది తీసుకెళ్ళి మావయ్యగారి చేతిలోనే పెట్టాను.

"ఎందుకండీ అల్లుడుగారూ, ఇన్ని తాళాలు?"

"పాత కారు కదండీ, పదిలంగా ఉంటుందని."

ఆయన ఏదో అడగబోయి ఆగిపోయారు. ఆ మధ్య ఎందుకో బాగా డల్లుగా ఉంటున్నారు, అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు. దొంగ ధ్యాసలో పడి నేనది పట్టించుకోలేదు.

రేపు పెళ్ళిరోజనగా నాకు పౌరుషం వచ్చింది. మాది కొల్లేటి గట్టున ఊరు. మా ఇంట్లోంచి విసురు వల తెచ్చుకుని, సత్తిబాబు చేత మళ్ళీ రోటర్ పెట్టించి, అతన్ని బయట ఉంచి, మధ్యాహ్నం తవుడు బస్తాల వెనక నక్కాను. తుమ్ము ఆపుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బానెట్ గొలుసు తాళం తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో లుంగీ మనిషి బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు.

నడుం తిప్పి విసిరాను. ఏం విసిరానండీ! వల చక్రంలా విచ్చుకుని, ఇనప గుళ్ళన్నీ ఒక్కసారే నేలని తాకాయి. కొల్లేట్లో కూడా నాకెప్పుడూ అంత బాగా పడలేదు.

"దొరికాడు దొంగ వెధవ! రండి, అందరూ రండి!"

వల లోపల్నుంచి మర్యాదైన గొంతొకటి వినిపించింది. "ఏవండీ, ఎవరోగానీ... కొంచెం నెమ్మదిగా తీస్తారా? కళ్ళజోడు చిక్కుకుందండీ."

పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని "మా అమ్మాయి జాగ్రత్త బాబూ" అన్న గొంతే అది.

అత్తయ్యగారు పరిగెత్తుకొచ్చారు. "అయ్యో అయ్యో, ఇదేం పని బాబూ! ఆయనేమన్నా బొచ్చె చేపా?" కరుణ తల పట్టుకుంది. సత్తిబాబు వలలోకి తొంగి చూసి, "చదువుకున్నోడేనని ముందే చెప్పానా అండి" అన్నాడు.

వల తీశాక మావయ్యగారు జేబులోని రుమాలు విప్పారు. దాన్నిండా రోటర్లు.

"కారు పెట్టేశాక ఇది తీసి దాచడం మా నాన్నగారు నేర్పిన అలవాటండీ. కానీ ఈమధ్య... తుడుద్దామని బానెట్ ఎత్తినప్పుడల్లా, తీసిందే మళ్ళీ అక్కడ కనిపిస్తోంది. మళ్ళీ తీస్తాను, మళ్ళీ ఉంటుంది. ఇన్ని ఎప్పుడు కొన్నానో, ఎప్పుడు పెట్టానో నాకే గుర్తులేదు." ఆయన రుమాలు మళ్ళీ మూట కట్టారు. "మా అన్నయ్యకి మతిమరుపు ఇలాగే మొదలైంది. నాకూ వచ్చేసిందని... పెళ్ళిరోజు ముందర మీ అత్తయ్యకి ఎలా చెప్పనూ?"

కొత్త రోటర్లు పెట్టించింది నేనేనని, సిగ్గుపడుతూ మొత్తం కక్కేశాను. "అయితే నాకేం కాలేదన్నమాట!" అంటూ ఆయన బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అవన్నీ నవ్వు వల్ల వచ్చినవి కావు. అత్తయ్యగారు కొంగుతో ఆయన మొహం తుడిచారు.

సాయంత్రం నన్ను పిలిచి, "ఇవాళ మీరే తీసి దాచండి అల్లుడుగారూ. కారుకి అసలు తాళం ఇదే" అన్నారు. రోటర్ని బహుమతిలా అందుకుని జేబులో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అత్తయ్యగారు పట్టుచీరలో వెనక సీట్లో కూర్చున్నారు. పక్కన కోటు వేసుకుని మావయ్యగారు. వీధివీధంతా చూస్తుండగా దర్జాగా తాళంచెవి తిప్పాను. ఉలకదు, పలకదు. అప్పుడు గుర్తొచ్చింది.

"కరుణా! నిన్నటి నా చొక్కా ఏదీ?"

"తవుడు కంపు కొడుతోందని పొద్దున్నే చాకలికి వేసేశానుగా!"

చర్చి గంట మోగుతోంది. నాకు చెమటలు పడుతున్నాయి. వెనకనుంచి మావయ్యగారు నా భుజం తట్టి రుమాలు అందించారు. "కంగారు పడకండి, స్టాకుందిగా!"

ఇంజిన్ అంటుకోగానే అద్దం దించి, వీధి చివరిదాకా వినపడేలా కేకేశారు. "ఏవండోయ్, విన్నారా! ఈసారి మర్చిపోయింది నేను కాదండోయ్! మా అల్లుడుగారు!" అంత సంతోషంగా నన్ను వీధిలో పెట్టిన మనిషి ఇంకొకరు లేరు.

అందుచేత ఆ అంబాసిడర్ సాక్షిగా, అత్తయ్యగారి పట్టుచీర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నీళ్ళు లేనిచోట వల విసరను. అయినా ఆ వల నా దగ్గరుంటే కదా! మావయ్యగారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మాత్రం నాకివ్వలేదు.