తాటిపాకావిడ కాపీ

మలికిపురం దగ్గర ఒక ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేరిన కొత్తలో నాకు ఆదివారాలంటే భయంగా ఉండేది. మిగతా రోజులు పిల్లల గోలలో గడిచిపోయేవి. ఆదివారం చర్చి నుంచి వచ్చి గది తలుపు తీశాక, ఒక్క మనిషి కోసం పొయ్యి వెలిగించాలంటే చేతులాడేవి కావు. ఇంత పెరుగన్నం తినేసి రాజోలు బస్సెక్కేదాన్ని. అక్కడ పనేమీ లేదు. బస్టాండులో పుస్తకాల కొట్టు ముందు కాసేపు నిలబడి, ఏదో వారపత్రిక కొనుక్కుని వచ్చేసేదాన్ని.

ఆ కొట్లోనే ఒకరోజు ఆ బొమ్మల పుస్తకం కనిపించింది. నెలకొకటి వచ్చేది. అందులో వీరుడు చేతికున్న కడియం తిప్పి కాలంలో ఎక్కడికో వెళ్లి పడేవాడు. ఒక నెల రాజుల కోటలో, ఇంకో నెల ఇంకా పుట్టని పట్నంలో. ఎక్కడ పడినా అక్కడివాళ్లను కాపాడేవాడు గానీ, తన సొంత కాలానికి మాత్రం చేరలేకపోయేవాడు. సరిగ్గా గండం ముంచుకొచ్చేచోట కథ ఆగిపోయేది. ముప్పై దాటిన టీచర్ని, దానికోసం నెలంతా ఎదురుచూస్తున్నానని ఎవరితో చెప్పుకోను? వారపత్రికలో దాచి తెచ్చుకునేదాన్ని.

"ఇది ఇంకెవరైనా కొంటారా అండీ?" అని ఒకసారి కొట్టాయన్ని అడిగాను.

"రెండే కాపీలొత్తాయండి. ఒకటి మీకు, ఒకటి తాటిపాకావిడకి. మీ ఇద్దరి కోసమే తెప్పిత్తన్నానండి, ఆయ్."

ఆ తర్వాత పుస్తకం తెరిచినప్పుడల్లా, ఆవిడిప్పుడు ఏ పేజీలో ఉందో అనుకునేదాన్ని.

కొన్ని నెలలకి కొట్టు దగ్గరే ఎదురుపడింది. పాపిట్లో నిండుగా సిందూరం, చేతులకి శంఖం గాజులు. బెంగాలీ ఆవిడ. తాటిపాక చుట్టుపక్కల చమురు కోసం తవ్వుతున్న రోజులవి. ఆవిడ భర్త రిగ్గులో పనిచేసేవాడు.

"మీరు కూడా కాలయాత్రికులా?" అంది నా చేతిలో పుస్తకం చూసి.

నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ తెలుగు నేర్చుకుంటున్నదే ఆ పుస్తకంలోంచి. బొమ్మ చూసి మాటకి అర్థం ఊహించుకునేదట. చదవడం మాత్రం ఎదురింటి పాప దగ్గర నేర్చుకుందట. నన్ను అప్పుడే దీదీ అని పిలిచేసి, ఇంటికి రమ్మంది.

అప్పట్నుంచి నా ఆదివారాలు తాటిపాకలో గడిచాయి. ఒక పెంకుటింట్లో వెనక వాటా ఆవిడది. టీ పెట్టి, పుస్తకం నేలమీద పరిచి, పెన్సిలుతో గీత పెట్టిన మాటలు ఒక్కొక్కటే అడిగేది.

"దీదీ, 'అదృశ్యం' అంటే?"

"కనపడకుండా పోవడం."

"అయితే మా ఆయన మొన్న అదృశ్యం. మళ్లీ వచ్చే వారం ప్రత్యక్షం," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వయ్యాక ఆవిడ చాలాసేపు గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది.

ఇంటివారికి ఆవిడ తెలుగు వింతగా ఉండేది. "మొన్న పాలబ్బాయి డబ్బుల్లెక్క చెప్పకుండా వెళ్లిపోతుంటేనండీ, 'పలాయనం చిత్తగించకు' అని అరిచిందండి. బెదిరిపోయేడండి పాపం," అని ఇంటావిడ నాతో చెప్పింది. అలా అనకూడదని నేను చెప్పి చూశాను. కానీ నాకే ఆ తెలుగు మారడం ఇష్టం లేక గట్టిగా దిద్దలేదు.

వర్షాలు మొదలైన ఒక ఆదివారం, కొత్త సంచిక ఇద్దరిదీ నేనే తీసుకుని వెళ్లాను. వాటా తలుపు తీసే ఉంది. లోపల ఏమీ లేదు. ఇంటావిడ నేల కడుగుతోంది.

"నిన్న లారీ వచ్చిందండి. రిగ్గు ఇంకెక్కడికో మార్చేసేరంట. సామానంతా ఎత్తుకుని వెళ్లిపోయేరండి."

"ఎక్కడికో చెప్పిందా అండీ?"

"ఆ ఊరిపేరు నాకు పట్టుబళ్లేదండి. మీకేదో చెప్పమందండి. నాచేత రెండుసార్లు అనిపించింది కూడానూ. ఆ పుస్తకం మాటలండి, నోరు తిరగలేదు నాకు."

"కాలం అన్న మాటేమైనా ఉందా అండీ అందులో?"

చీపురు పట్టుకుని ఆలోచించింది. "ఉందేమోనండి. ఏడుస్తా చెప్పిందండి, సరిగ్గా వినపడలేదు."

రెండు పుస్తకాలూ చేతిలో పట్టుకుని బస్సెక్కాను. అద్దం సందులోంచి జల్లు కొడుతున్నా జరిగి కూర్చోవాలనిపించలేదు.

ఆ తర్వాత కూడా ఆ పుస్తకం కొన్నాను. కథ కోసం కాదు. పాత సంచికలు కూడా తీసి, ఎవరైనా ఎవరినైనా వదిలి వెళ్లేచోట ఏమంటున్నారో చూసేదాన్ని. 'సెలవు మిత్రమా' అని ఒకచోట ఉంది. 'మన దారులు మళ్లీ కలుస్తాయి' అని ఇంకోచోట. ఇంటావిడ దగ్గరికి వెళ్లి అవన్నీ చదివి వినిపించాను. అన్నిటికీ ఆయ్, అదేనేమోనండి అంది.

మరుసటేడు కొత్తపేటకి బదిలీ అయింది. అక్కడి కొట్లో ఆ పుస్తకం ఉండేది కాదు. అడిగితే తెప్పించేవాళ్లేమో, నేను అడగలేదు. ఆ వీరుడు చివరికి ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు.