సాయంత్రానికో మాత్ర

మదనపల్లెలో మా మందుల షాపుకు ఇక్కడి కాలేజీలో చదివే ఒక సూడాన్ అబ్బాయి మొదటిసారి వచ్చి, డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగాడు. ఇవ్వనన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా, నాకు నోటి దురుసెక్కువ.

"సదువుకొనేకి వచ్చి ఇదేం పాడలవాటప్పా నీకు?"

తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత పుంగనూరు బస్టాండులో కనబడ్డాడు. బెంచీ మీద తూలుతున్నాడు, జేబులో మాత్రల షీటు. నేను తరిమితే ఇంతదూరం వచ్చి కొనుక్కున్నాడన్నమాట. సిగ్గేసింది. నీళ్ళు తాగించి పక్కన కూర్చున్నాను. కాలేజీలో చేరిన మరుసటేడే వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైందట. ఇప్పుడతను శరణార్థి. తెలుగు మా ఆటోవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు.

"బాంబు పడి మా తమ్ముడు పోయినాడమ్మా. కండ్లు మూస్తే వాడే కనపడతాండాడు. ఇంగ నేను యాడికి పోవాల?"

ఆ శనివారం కుప్పంలో మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదనీ, మెల్లగా తగ్గించాలనీ, షీటు మాత్రం అతని చేతికివ్వొద్దనీ డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం వచ్చేవాడు. నేను షీటులోంచి ఒక్క మాత్ర కత్తిరించి ఇచ్చేదాన్ని, దాంతోపాటు నాలుగు చీవాట్లు కూడా. కొన్ని నెలలకు అరమాత్రకు వచ్చాం.

ఒకరోజు రాలేదు. ఫోనూ ఎత్తలేదు. అరమాత్ర కౌంటరు మీద అట్లాగే ఉండిపోయింది. మళ్ళీ పుంగనూరు పోయాడో, ఏమన్నా చేసుకున్నాడో అని నా ప్రాణం నా దగ్గర లేదు. గది ఎక్కడో కూడా ఇన్నాళ్ళూ అడగనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పొద్దున షట్టరు ఎత్తేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చెంప మీద చాప అచ్చులు.

"యాడ చస్తివిరా నిన్న?" అని అరిచాను.

"కాలేజీ నుంచి వచ్చి ఊరికే పండుకుంటినమ్మా. ఇప్పుడే లేస్తి."

"మాత్ర యాడన్నా కొంటివా?"

"లేదమ్మా. ఒట్టు."

కళ్ళల్లోకి చూశాను. తేటగా ఉన్నాయి. స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఇక మానేసి చూద్దామన్నాడు. అరమాత్రను చెత్తబుట్టలో పడేశాను.

"అయితే సాయంత్రం రావద్దా అమ్మా?" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

"రాకుంటే కాళ్ళిరగ్గొడతా" అన్నాను.