పెండ్లి కాని శీనుకు ముగ్గురు పిల్లలు

ఇయ్యాల పొద్దుగాల మా గని ఆఫీసు కంప్యూటర్ గదికి శీను వచ్చిండు. కొత్తగ కొలువుల చేరిన పిలగాడు. వెంట ఆయనకు కాబోయే బావమరిది. చేతుల, నిన్న నేను ప్రింట్ తీసిచ్చిన దవాఖాన కార్డు.

"అన్నా, నాకింక పెండ్లే కాలే. గీ భార్య, గీ ముగ్గురు పిల్లలు ఏడికెల్లి వచ్చిండ్రు?"

బావమరిది నా మొకమే చూస్తుండు.

వాళ్లు మొన్న రిటైరైన రాజమల్లు ఇంటోళ్లు. కంప్యూటర్ల కార్మికుల టేబుల్‌ల, అంటే పేర్ల పట్టికల, రాజమల్లు పేరు తీసేసి, ఆయన నంబరే శీనుకు ఇచ్చిండ్రు. ఆ నంబరు అక్కడ ప్రైమరీ కీ, అంటే మనిషిని గుర్తుపట్టే నంబరు; కుటుంబాల టేబుల్‌ల ఫారిన్ కీ, అంటే ఇంటోళ్లను ఆ మనిషికి కట్టే ముడి. అందుకే రాజమల్లు ఇంటోళ్లు శీను కార్డుల పడ్డరు. ఇంటోళ్ల పేర్లు ఉన్నంత సేపు మనిషి పేరు తీసేయరాకుండ గా ఫారిన్ కీ నేనే పెట్టిన. మరి అదేమైంది?

పక్క కుర్చీల ఉన్న సంపత్‌ను అడిగిన. గా టేబుళ్లు ఇద్దరం కలిసి చేసినయే. రోజూ ఒక్క టిఫిన్ల తింటం.

"ఊకె అడ్డమొస్తుందని నేనే తీసేసిన. పని ఆగుతుండె."

"నాకో మాట చెప్పకపోతివి?"

"చెప్తే వద్దంటవు కదా."

కార్డు మార్చిచ్చి, బావమరిదికి చాయ్ తాగిపిచ్చి, నేనే సముదాయించి పంపిన. సంపత్ తల కూడ ఎత్తలే.

రాజమల్లు ఇంటోళ్ల పేర్లు తీసి, ఫారిన్ కీ మల్ల పెట్టిన. అది జరసేపట్ల అయిపోయింది. రేపు మధ్యాహ్నం సంపత్ టిఫిన్ మూత తీసి, ఎప్పటిలెక్కనే "రారా, తిందాం" అంటడు. మీరైతే పోతరా?